వేడెక్కుతున్న భూమి, దెబ్బతింటున్న ప్రాణులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు ముదిరినప్పుడు, అకాల వాన మామిడి పూతను కొట్టేసినప్పుడు, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు జనం అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోతుంది, కొన్నింటికి కాస్త ఓపిక పట్టి చదవాలి. మనుషులకు జరిగే నష్టం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఇక్కడ పంటలు, పశువులు, చేపలు, పగడాల వైపే ఎక్కువ మొగ్గాను.

అసలు భూమి ఎందుకు వేడెక్కుతోంది?

బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాస్ విపరీతంగా కాలుస్తున్నాం కాబట్టి. అడవులు నరకడం, పశువుల పెంపకం, సిమెంటు తయారీ కూడా తమ వంతు కలుపుతాయి గానీ, ముఖ్య కారణం ఆ కాల్చడమే.

ఎండ తగిలి నేల వేడెక్కుతుంది. ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. గాలిలో ఎక్కువ భాగం ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ ఆ కిరణాలను అడ్డుకోవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివి మాత్రం వాటిని పీల్చుకుని, కొంత వేడిని మళ్లీ కిందికే పంపుతాయి. డిసెంబరులో ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఆదిలాబాద్‌లో చలి వణికిస్తుంది. మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. మబ్బూ తేమా ఆ ఒక్క రాత్రి చేసిన పనిని ఈ వాయువులు ఏడాది పొడవునా, భూమి అంతటా చేస్తాయి. ఇవి అసలు లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేది. ఇవి ఉండబట్టే 15 డిగ్రీల దగ్గర ఉండి, మనం బతుకుతున్నాం. చిక్కంతా మోతాదు పెరగడంతోనే.

ఎంత పెరిగింది? ఫ్యాక్టరీల యుగం మొదలవక ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టేటప్పటికి అది 315 దగ్గరుంది. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచు పొరల్లో చిక్కుకుపోయిన పాతకాలపు గాలి బుడగలను పరీక్షిస్తే, 8 లక్షల ఏళ్ల వెనక్కి వెళ్లినా ఇంత మోతాదు ఎక్కడా కనిపించలేదు. ఇంకో సంగతి. మనం వదిలే దాంట్లో దాదాపు సగం మాత్రమే గాలిలో మిగులుతోంది. మిగతాది సముద్రాలు, చెట్టూ చేమా మింగుతున్నాయి. అవి ఆ పని చేయకపోతే ఈపాటికి పరిస్థితి ఇంకా దారుణంగా ఉండేది.

ఇది మనుషుల పనే అని అంత గట్టిగా ఎలా చెబుతారు? సూర్యుడి వేడి పెరిగి ఉండొచ్చుగా? అగ్నిపర్వతాలు ఉన్నాయిగా?

ఇది అడగాల్సిన ప్రశ్నే. శాస్త్రజ్ఞులు కూడా మొదట దీన్నే అడిగారు.

సూర్యుడే కారణమైతే వాతావరణం కింది పొర, పై పొర రెండూ వేడెక్కాలి. కొలిచి చూస్తే కింది పొర వేడెక్కుతోంది, దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడి కిందే ఆగిపోతోందనడానికి ఇంతకంటే మంచి ఆనవాలు ఉండదు. పైగా 1980ల తర్వాత సూర్యుడి నుంచి వచ్చే శక్తి పెరగనే లేదు, వేడి మాత్రం పెరుగుతూనే ఉంది.

అగ్నిపర్వతాలు ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం వదిలే దాంట్లో నూటికి ఒక వంతు కూడా ఉండదు. పెద్దది పేలితే భూమి కొన్నాళ్లు చల్లబడుతుంది కూడా. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలాక ఏడాదీ రెండేళ్ల పాటు భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ పడిపోయింది.

ఇక కార్బన్ ఎక్కడి నుంచి వచ్చిందో దాని అణువులే చెబుతాయి. బొగ్గు, చమురు కోట్ల ఏళ్ల నాటివి కాబట్టి వాటిలో కార్బన్-14 (కాలం గడిచేకొద్దీ తరిగిపోయే ఒక రకం కార్బన్) మిగలదు. గాలిలో చేరుతున్న కొత్త కార్బన్‌లో సరిగ్గా ఆ లోటే కనిపిస్తోంది.

ఈ విషయం నిన్న మొన్న కనిపెట్టిందని అనుకునేవాళ్లూ ఉన్నారు. కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కుతుందని యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ 1856లోనే ప్రయోగం చేసి చూపింది. 1896లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్, ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్క కట్టాడు.

ఓజోన్ పొరకు రంధ్రం పడటం వల్లే కదా ఇదంతా?

కాదు. అది వేరే సమస్య. ఫ్రిజ్‌లు, స్ప్రేలలో వాడిన సీఎఫ్‌సీల వల్ల వచ్చింది. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఆ రసాయనాల వాడకం తగ్గింది, ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకుంటోంది. ప్రపంచ దేశాలు తలచుకుంటే పని జరుగుతుందనడానికి అదే సాక్ష్యం.

తప్పు ఎవరిది ఎక్కువ? మన దేశం వాటా ఎంత?

బొగ్గు, చమురు, గ్యాస్ నుంచి ప్రపంచం ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. అందులో మన దేశానిది నూటికి ఎనిమిది వంతుల దాకా ఉంటుంది. మనిషికి ఇంతని పంచి చూస్తే లెక్క మారిపోతుంది. సగటు భారతీయుడిది ఏడాదికి 2 టన్నుల దగ్గర, ప్రపంచ సగటు 5 టన్నులకు కాస్త తక్కువ, అమెరికన్‌ది 14 టన్నుల దగ్గర. ఇప్పటిదాకా గాలిలో చేరిన మొత్తంలో దాదాపు పావు వంతు ఒక్క అమెరికాదే. ఈ అన్యాయాన్ని గట్టిగా అడగాల్సిందే.

అలాగని మన ఇంటి సంగతి మరచిపోకూడదు. మన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గుదే. సింగరేణి బొగ్గు, రామగుండం, కొత్తగూడెం, సింహాద్రి ప్లాంట్లు లేకుండా తెలుగు ఇళ్లలో ఇన్నేళ్లు ఫ్యాను తిరగలేదు. వాటి మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. గనులు, ప్లాంట్లు తగ్గించుకుంటూ పోయేటప్పుడు ముందుగా ఆలోచించాల్సింది ఆ కుటుంబాల గురించే.

వరి మళ్లు, గేదెలు కూడా కారణమట. రైతును ఎందుకు ఆడిపోసుకుంటారు?

ఆడిపోసుకోవడం తప్పే. కానీ విషయం నిజమే. నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. నెమరు వేసే పశువుల కడుపులోనూ అదే జరుగుతుంది. మీథేన్ గాలిలో సగటున ఓ పన్నెండేళ్లే నిలుస్తుంది గానీ, ఉన్నన్నాళ్లూ కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది.

రెండెకరాల రైతును థర్మల్ ప్లాంటు పక్కన నిలబెట్టి లెక్కలడగడం నాకు నచ్చదు. అయితే వరి మడిలో అన్ని రోజులూ నీళ్లు నిలిపి ఉంచకుండా, మధ్యమధ్య ఆరనిచ్చి ఆరుతడిగా పెడితే మీథేన్ మూడో వంతు దాకా, ఒక్కోచోట సగం దాకా తగ్గుతుంది. నీళ్లూ, బోరు మోటారు కరెంటూ కలిసొస్తాయి. పూత దశలో మాత్రం తడి తగ్గనివ్వకూడదు. కాలువ నీళ్లు వంతుల మీద వచ్చే చోట రైతు ఒక్కడూ ఇది చేయలేడు. నీరు ఎప్పుడొస్తుందో నమ్మకంగా చెప్పే పద్ధతి ముందు ఉండాలి.

ఒకటి, ఒకటిన్నర డిగ్రీ పెరిగితే ఏమవుతుంది? పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా ఉంటుంది కదా?

నన్నడిగితే ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

2011–2020 దశాబ్దంలో భూమి సగటు వేడి, 1850–1900 నాటి కంటే 1.1 డిగ్రీలు ఎక్కువ. 2024 ఒక్క ఏడాదే చూస్తే 1.5 డిగ్రీలు దాటింది. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. గత మంచుయుగంలో కెనడా అంతా కిలోమీటర్ల మందాన మంచు కింద ఉన్నప్పుడు భూమి సగటు ఇప్పటికంటే 5, 6 డిగ్రీలే తక్కువ. అక్కడి నుంచి తేరుకోవడానికి భూమికి వేల ఏళ్లు పట్టింది. ఇప్పుడు మార్పు అంతకంటే సుమారు పది రెట్లు వేగంగా నడుస్తోంది.

అసలు సంగతి ఇంకొకటుంది. ఏ జీవికీ సగటు తెలియదు. దానికి తెలిసేది ఆ రోజు, ఆ గంట. సగటు ఒక డిగ్రీ పెరిగితే, ఇదివరకు యాభై ఏళ్లకోసారి వచ్చే వడగాడ్పు ఇప్పుడు చాలా తరచుగా వస్తుంది, వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ కాలుస్తుంది. 2018 నవంబరులో ఆస్ట్రేలియా ఈశాన్యంలో కెయిర్న్స్ పట్టణం దగ్గర 42 డిగ్రీలు దాటింది. రెండు రోజుల్లో సుమారు 23,000 కళ్లజోడు గబ్బిలాలు చెట్ల మీది నుంచి రాలి చచ్చిపోయాయి. ఆ దేశంలో ఆ జాతి మొత్తంలో మూడో వంతు అది! ఆ ఏడాది సగటు చూస్తే ఈ ఘోరం ఎక్కడా కనబడదు.

ప్రతి జీవి బతుకులోనూ ఒక సుకుమారమైన ఘడియ ఉంటుంది. వరికి పూత తెరుచుకునే పూట, తాబేలుకు గుడ్డు ఇసుకలో ఉన్న వారాలు, కోడికి అమ్మకానికి ముందున్న బరువైన రోజులు. వేడి ఆ ఘడియలో తగిలితే చాలు. ఈ పేజీలో ఇకపై చెప్పేవాటిలో చాలావరకు ఈ ఒక్క సంగతికి ఉదాహరణలే.

తెలుగు నేల మీద తేడా ఎక్కడ కనిపిస్తోంది?

1901 నుంచి 2018 దాకా భారతదేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కింది. ప్రపంచ సగటు కంటే ఇది తక్కువ. మన గాలిలోని పొగ, దుమ్ము ఎండను కొంత అడ్డుకోవడం, సాగునీటి చల్లదనం అందుకు కొన్ని కారణాలు. 1951–2015 మధ్య హిందూ మహాసముద్రం పైపొర మాత్రం ఒక డిగ్రీ దాకా వేడెక్కింది. మన తుఫానులకు బలం అక్కడి నుంచే వస్తుంది.

2015 మే నెల చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేశంలో 2,000 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు, అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. పొలం కూలీలు, ఉపాధి పనికి వెళ్లినవాళ్లు, ముసలివాళ్లు. కోస్తాలో ఇంకో ప్రమాదం ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రామగుండంలో పొడిగా ఉన్న 45 డిగ్రీల కంటే, మచిలీపట్నంలో ఉక్కపోతతో కూడిన 39 డిగ్రీలు ఒక్కోసారి ప్రాణానికి ఎక్కువ ముప్పు. థర్మామీటరు అంకె ఒక్కటే చూసి ధైర్యపడకండి.

వరి, మామిడి మీద ప్రభావం ఎలా ఉంటుంది?

వరి కంకి పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు పూస్తుంది. ఆ గంటల్లో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చిపోయి గింజ కట్టదు, తాలు మిగులుతుంది. గోదావరి డెల్టాలో దాళ్వా నాట్లు ఆలస్యమైతే పూత మార్చి చివరి ఎండలకు చిక్కుతుందని రైతులు టెన్షన్ పడేది ఇందుకే. పగటి వేడి కంటికి కనిపిస్తుంది, రాత్రి వేడి కనిపించదు. పగలు మొక్క కూడబెట్టిన పిండిపదార్థాన్ని రాత్రి శ్వాసకు కొంత ఖర్చు చేసుకుంటుంది. రాత్రి వెచ్చగా ఉంటే ఆ ఖర్చు పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో 1992–2003 మధ్య నమోదైన లెక్కలు చూస్తే, ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి 10 శాతం తగ్గినట్టు తేలింది.

కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది కదా అంటారు. కొంత నిజం. కానీ 2018లో చైనా, జపాన్ పొలాల్లో 18 రకాల వరి మీద జరిపిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఈ శతాబ్దం చివర్లో రావచ్చనుకునే మోతాదులో పెంచిన బియ్యంలో ప్రొటీన్ సగటున 10 శాతం, ఇనుము 8 శాతం, జింకు 5 శాతం తగ్గాయి. మూడు పూటలా అన్నమే తినే ఇంటికి, ముఖ్యంగా రక్తహీనతతో ఉన్న ఆడవాళ్లకు, ఇది చిన్న విషయం కాదు.

మామిడికి కావాల్సింది డిసెంబరు, జనవరిలో చల్లటి రాత్రులు, పొడి వాతావరణం. చలి సరిగా పడకపోతే పూత ఆలస్యమవుతుంది, చెట్టులో ఒక కొమ్మ పూస్తే ఇంకో కొమ్మ ఇగుళ్లు వేస్తుంది. పూత మీద వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది, బూడిద తెగులు, తేనెమంచు పురుగు విజృంభిస్తాయి. పిందె దశలో ఒక్కసారిగా ఎండ ముదిరితే రాలిపోతుంది. నూజివీడులోనో చిత్తూరులోనో తోట కౌలుకు పట్టినవాళ్లు ఈ మూడు గండాలూ దాటాలి.

కోళ్లు, గేదెలు, రొయ్యల చెరువుల మాటేమిటి?

కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడం తప్ప దానికి వేరే దారి లేదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి, షెడ్డులో 40 డిగ్రీలు చేరాయంటే వేడి బయటికి పోయే దారి దాదాపు మూసుకుపోయినట్టే. త్వరగా కండ పట్టేలా తీర్చిదిద్దిన బ్రాయిలర్లు ముందు పోతాయి. మే నెలలో కరెంటు పోయి ఫ్యాన్లు, ఫాగర్లు ఆగితే గంటల్లో షెడ్డు ఖాళీ అవుతుంది.

గేదెకు నల్లటి తోలు, ఆవు కంటే చాలా తక్కువ చెమట గ్రంథులు. అందుకే చెరువులో దిగి కూర్చుంటుంది. చెరువులు ఎండిపోయినా, పూడ్చేసినా ఆ దారి పోతుంది. ఎండ దెబ్బకు మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. ఎదకు వచ్చినా లక్షణాలు బయటపడవు. ఆ మూగ ఎదను గమనించకపోతే ఒక ఈత వెనక్కి పోతుంది, రైతుకు నెలల పాల ఆదాయం పోతుంది.

రొయ్య, చేప సాగులో లెక్క ఆక్సిజన్‌ది. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. మంచినీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములు పట్టేది, 35 డిగ్రీల దగ్గర 7కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి రొయ్య ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అల్పపీడనం పట్టి రెండు రోజులు ఎండ లేకపోతే నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ తయారుచేయదు, తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) ఒక్కసారిగా పడిపోతుంది. భీమవరం వైపు చెరువు గట్ల మీద రాత్రంతా ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) తిప్పేది అందుకే. ఏరియేటర్లకు కరెంటు, ఆ కరెంటుకు బొగ్గు. ఈ చక్రాన్ని తెంచడానికి చెరువు గట్ల మీద సోలార్ పెట్టడం మంచి మొదలు అవుతుంది.

సముద్రంలో చేపలు తగ్గడం కూడా దీనివల్లేనా?

కొంత అవును, కొంత కాదు. పైనీరు వేడెక్కితే తేలికై పైనే నిలిచిపోతుంది, అడుగున ఉన్న పోషకాలు పైకి రావు. పోషకాలు లేకపోతే ప్లాంక్టన్ (నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు) తగ్గుతుంది, దాన్ని తినే చిన్న చేపలు తగ్గుతాయి. పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో వృక్ష ప్లాంక్టన్ 20 శాతం దాకా తగ్గిందని ఒక అంచనా. ఒకప్పుడు కేరళ, కర్ణాటక తీరాలకే ఎక్కువగా పరిమితమైన నూనె కవళ్లు ఇప్పుడు ఉత్తరాన గుజరాత్ దాకా, ఇటు తూర్పు తీరంలోనూ పడుతున్నాయి. పైనీటిలో తిరిగే కానాగంతలు లోతుకు దిగుతున్నాయి.

పులస విషయం వేరు. గోదావరిలో పులస కరువవడానికి ప్రధాన కారణాలు ధవళేశ్వరం ఆనకట్ట దాటి ఎగువకు పోలేకపోవడం, గుడ్లతో ఎదురీదే చేపను సముద్ర మొగలోనే పట్టేయడం, నది నీటి కాలుష్యం. దాన్ని కూడా వాతావరణ మార్పు ఖాతాలో రాసేస్తే, మన చేతిలో ఉన్న పనిని మనం తప్పించుకున్నట్టే. చేప గుడ్లు పెట్టే కాలంలో మొగ దగ్గర వల వేయకుండా ఆపడానికి ఏ అంతర్జాతీయ ఒప్పందమూ అక్కర్లేదు.

సముద్ర తాబేళ్లన్నీ ఆడవే పుడుతున్నాయట, నిజమా?

కొన్నిచోట్ల దాదాపు అంతే. తాబేలు ఆడదా మగదా అనేది గుడ్డు ఉన్న ఇసుక వేడిని బట్టి తేలుతుంది. 29 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఆడ, మగ సమానంగా వస్తాయి. అంతకంటే వెచ్చగా ఉంటే ఆడవే ఎక్కువ. ఇంకా పెరిగి 34, 35 డిగ్రీలకు చేరితే పిండమే చచ్చిపోతుంది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్ల పిల్లల్లో 99 శాతం ఆడవని 2018లో వచ్చిన పరిశోధన చెప్పింది.

శ్రీకాకుళం నుంచి నాగాయలంక దాకా మన ఒడ్డున జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెడతాయి. వాటికి తక్షణ ముప్పు ట్రాలర్ వలలు. ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాటిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వేడి దాని వెనకే వస్తున్న ముప్పు. గుడ్లను కాపాడే హేచరీల్లో మీద నీడ వల కట్టి ఇసుకను చల్లగా ఉంచవచ్చు. ఒడ్డున గూడు మీకే కనిపిస్తే తవ్వకండి, గుడ్లను తిప్పకండి. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకు పిండం పెంకుకు అతుక్కుంటుంది, తిప్పితే చచ్చిపోతుంది. అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

పగడాలు తెల్లబడటం అంటే ఏమిటి?

పగడం రాయి కాదు, చిన్న చిన్న జంతువుల కాలనీ. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ నాచు ఎండతో తిండి తయారుచేసి, పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా ఇస్తుంది. రంగు కూడా ఆ నాచుదే. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి నాలుగు వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి తోసేస్తుంది. తెల్లటి ఎముకలా మిగులుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది.

1998, 2010, 2014–17 తర్వాత, ప్రపంచమంతటా పగడాలు తెల్లబడటం నాలుగోసారి మొదలైందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. మన లక్షద్వీప్‌కు కూడా ఈ దెబ్బ పదే పదే తగులుతోంది. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు వల్ల తెలుగు తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. అయినా ఇది మనకు పట్టని విషయం కాదు. సముద్ర జీవజాతుల్లో పావు వంతు ఏదో ఒక దశలో ఈ దిబ్బల మీద ఆధారపడి బతుకుతాయి. వేడి 1.5 డిగ్రీల దగ్గర ఆగితే 70 నుంచి 90 శాతం దిబ్బలు పోతాయని, 2 డిగ్రీలైతే 99 శాతం పోతాయని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల బృందం) అంచనా. దీనికి తోడు సముద్రం మింగిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో ఆమ్ల గుణాన్ని పెంచుతోంది. పగడాలకు, ఆల్చిప్పలకు గుల్ల కట్టుకోవడం కష్టమవుతోంది.

జీవులు చల్లని చోటికి వెళ్లిపోవచ్చు కదా? లేదా అలవాటు పడిపోవచ్చు కదా?

వెళ్లగలిగినవి వెళ్తున్నాయి. వందల జాతుల లెక్కలు కలిపి చూస్తే, అవి దశాబ్దానికి సగటున 17 కిలోమీటర్లు ధ్రువాల వైపు, 11 మీటర్లు ఎత్తుకు జరుగుతున్నాయి. కానీ దారిలో హైవే, ఊరు, ఎండిపోయిన పొలం ఉంటే కప్ప ఎక్కడికి పోతుంది? కొండ ఎక్కేవాటికి శిఖరం అడ్డు. అరకు, చింతపల్లి వైపు గిరిజనులు పెంచే అరబికా కాఫీకి చల్లదనం కావాలి. ఇంకా పైకి పోదామంటే ఆ వైపు తూర్పు కనుమల్లో 1,700 మీటర్లు దాటే శిఖరమే లేదు.

దీవుల్లో ఉన్నవాటి గతి ఇంకా కష్టం. ఆస్ట్రేలియా, పాపువా న్యూ గినీ మధ్య బ్రాంబుల్ కే అనే చిన్న ఇసుక దీవి ఉంది. ఎత్తు మహా అయితే మూడు మీటర్లు. అక్కడ మాత్రమే బతికే ఒక ఎలుక జాతి ఉండేది. ఉప్పునీరు పదే పదే ముంచెత్తి గడ్డీ మొక్కా పోయాయి. 2009 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019లో ఆ జాతి అంతరించినట్టు ప్రకటించింది. మనుషులు తెచ్చిన వాతావరణ మార్పు వల్ల అంతరించిన తొలి క్షీరదంగా దాన్ని చెబుతారు.

అలవాటు పడటానికి తరాలు కావాలి. ఏడాదికి పది తరాలు పుట్టే పురుగుకు అది కుదరొచ్చు, ఏనుగుకు కుదరదు. కొన్నిటికి పాత అలవాటే శత్రువవుతోంది. ఉత్తర అమెరికా మంచు కుందేలు పగటి పొడుగును బట్టి తెల్లగా మారుతుంది. మంచు త్వరగా కరిగితే గోధుమరంగు నేల మీద తెల్లగా కనబడి వేటజంతువుకు దొరికిపోతుంది.

లాభపడే జీవులే లేవా?

ఉన్నాయి, అవి చాలావరకు మనకు ఇష్టం లేనివి. డెంగీ దోమను తీసుకోండి. వెచ్చదనంలో గుడ్డు నుంచి దోమ త్వరగా తయారవుతుంది, దాని ఒంట్లో వైరస్ కూడా త్వరగా ముదురుతుంది. మరీ వేడెక్కితే దోమ కూడా చస్తుంది. కాబట్టి ఎండ మండే మే నెలలో కాకుండా, వానల తర్వాతి వెచ్చటి నెలల్లో దాని పంట పండుతుంది.

ప్రతి వరదకూ తుఫానుకూ ఇదే కారణమా?

కాదు. అయితే దాని చేయి లేదని కూడా అనలేం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకుంటుంది, కురిసినప్పుడు కుంభవృష్టి అవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ మునిగింది. కుండపోత వాన ఒక కారణమైతే, బుడమేరు గట్లకు పడిన గండ్లు, ఇరుకైపోయిన వాగు దారి మరో కారణం. కాకినాడ దగ్గర ఉప్పాడ ఊరు కొద్దికొద్దిగా సముద్రంలో కలుస్తోంది. సముద్ర మట్టం ఏడాదికి మూడు మిల్లీమీటర్ల పైన పెరుగుతోంది, నిజమే. ఆనకట్టల వెనక ఇసుక, ఒండ్రు ఆగిపోయి తీరానికి చేరకపోవడం కూడా అంతే నిజం.

చెట్లు నాటితే సరిపోదా?

సరిపోదు. నాటాలి, బతికించాలి, ఉన్నవాటిని కొట్టకూడదు. కానీ బొగ్గు కాలుస్తూ మొక్కలు నాటుతూ పోతే లెక్క ఎప్పటికీ తేలదు. నాటడం కంటే కాపాడటం మేలు అనడానికి కోరింగ మడ అడవులు చాలు. వాటి బురదలో వందల ఏళ్ల కార్బన్ దాగుంది, వేర్ల మధ్య చేప పిల్లలు, పీతలు పెరుగుతాయి, బావురు పిల్లి బతుకుతుంది, వెనకున్న ఊళ్లకు అలల దెబ్బ తగ్గుతుంది.

ఇప్పుడు ఆపేస్తే వేడి తగ్గుతుందా?

వెంటనే తగ్గదు, కానీ పెరగడం ఆగుతుంది. కార్బన్ డయాక్సైడ్ కలపడం నికరంగా సున్నాకు వస్తే కొద్ది ఏళ్లలోనే ఉష్ణోగ్రత దాదాపు నిలకడ పడుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. సముద్ర మట్టం మాత్రం శతాబ్దాల పాటు పెరుగుతుంది. ఇప్పుడున్న విధానాలతో ఈ శతాబ్దం చివరికి 2.5 నుంచి 3 డిగ్రీల మధ్యకు చేరేలా ఉన్నాం. ఎక్కడ ఆగుతామన్నది ముఖ్యం. 1.5 డిగ్రీల దగ్గర ఆగితే పురుగు జాతుల్లో 6 శాతం తాము బతకగలిగే ప్రాంతంలో సగానికి పైగా కోల్పోతాయి, 2 డిగ్రీలైతే 18 శాతం. మొక్కల్లో 8 శాతం కాస్తా 16 శాతం అవుతుంది. పంట పూతకు పరాగం మోసే తేనెటీగలూ ఆ పురుగుల్లోనివే.

ఇంటి దగ్గర పశువులు, కోళ్లు ఉన్నవాళ్లు ఎండాకాలం ఏం చేయాలి?

పాకకు తూర్పు పడమర నిడివి ఉంచితే ఎండ తక్కువ పడుతుంది. రేకుల మీద తాటాకులో వరిగడ్డో పరిచి తడపండి, లేదా సున్నం కొట్టండి. మేత పొద్దున్నే, పొద్దు వాలాక వేయండి. అరుగుదలకు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి కోళ్లకు మధ్యాహ్నం మేత తీసేయడం మంచిది, నీళ్లు మాత్రం ఎప్పుడూ చల్లగా ఉండాలి. గేదె మీద రోజుకు రెండు మూడు సార్లు నీళ్లు పోయండి, పోశాక గాలి తగలాలి. గాలి ఆడని పాకలో నీళ్లు చల్లితే ఉక్క పెరిగి ఇంకా కీడు. నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తూ, నిలబడలేక తూలుతున్న పశువు కనిపిస్తే తలమీద, మెడమీద చల్లటి నీళ్లు పోస్తూనే పశువైద్యుడికి ఫోన్ చేయండి.